సార్ అర్ర

మొన్న గొంతు పట్టేసి హన్మకొండలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. కుర్రవాడు, మంచివాడు. టార్చి వెలిగించి "ఆ అనండి మేడం" అన్నాడు. నేను నోరు తెరిచి ఆ అనబోయి నవ్వేశాను. నవ్వు కాస్తా దగ్గయింది, ఆ దగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరు బెదిరిపోయి "నొప్పి అంత ఎక్కువుందా?" అని అడిగాడు. నొప్పి కాదు నాయనా, మా నర్సమ్మ గుర్తొచ్చింది అని అతనికెలా చెప్పను? ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఇంతవరకు ఆమె కోసం సరిగ్గా ఏడ్చింది లేదు. ఆ కుర్చీలో, నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు ఏడుపొచ్చింది. మందులు రాయించుకుని బయటపడ్డాను.

మట్టెవాడలో మా ఎదురిల్లు ఆమెది. పెద్ద దవాఖానలో చెవి ముక్కు గొంతు వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. వాడకట్టులో అందరికీ నర్సమ్మ, నాకు అక్క. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "తీరలే" అనేది, బజారుకు పోవడానికి తీరలేదన్నంత మామూలుగా. ఆ ఇంట్లో రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు అరుగు. ముందు గది మ్యూజియం. వెనక గది కూడా మ్యూజియమే. ఆమె మాత్రం వంటింట్లో గ్యాసుబండ పక్కన చాప వేసుకుని పడుకునేది. మ్యూజియం అనే మాట మాది. ఆమె "సార్ అర్ర" అనేది. రెండు గదులున్నా అర్ర ఒక్కటే అన్నట్టు మాట్లాడేది.

సార్ అంటే ఒక గాయకుడు. పేరు రాయను. ఆమె కూడా ఆయన్ని పేరు పెట్టి అనడం నేనెప్పుడూ వినలేదు. రాసినా మీలో చాలామందికి తెలియదు. ఆయన హీరోలకు పాడినవాడు కాదు. పడవ నడిపేవాడికి, ఎడ్లబండి తోలేవాడికి, పెళ్లి సీనులో వెనక వరసలో నిలబడి డప్పు కొట్టేవాడికి పాడేవాడు. హీరో హీరోయిన్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే దూరంగా ఏటి మీద ఎవరో పాడుతుంటారు చూడండి, ఆ ఎవరో ఈయనే.

"హీరోల పాటంటె హీరో మొకం జూసుకుంట వింటరు. మా సార్ పాడితె మొకమే కనవడది. ఉత్త గొంతే" అనేది, అదేదో గొప్ప సంగతన్నట్టు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆ గదిలో కూర్చుని వినగా వినగా, అది గొప్ప సంగతేననిపించింది.

సార్ అర్రకు టికెట్ లేదు. గడప దగ్గర చెప్పులు విడవాలి, నోరు తెరవాలి. హాస్యానికి చెప్పడం లేదు. తలుపు పక్కన మేకుకు టార్చి వేలాడుతుండేది. ఎవరొచ్చినా ముందు "ఆ అను" అనేది. అంటే వెలుగు వేసి చూసి, "ఐస్‌క్రీం తిన్నవు గద? ఎర్రగైంది. ఉప్పునీళ్లు పుక్కిలించు, రేపు రా" అని కొందరిని గడప మీంచే తిప్పి పంపేది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చే అతనైతే గేటు తీస్తూనే నోరు తెరుచుకుని వచ్చేవాడు. నేను కాలేజీలో రోజంతా అరిచి పాఠం చెప్పి వచ్చిన సాయంత్రాలు ఆమె కంట పడకుండా ఇంట్లో దూరాలని చూసేదాన్ని. ఎక్కడ కుదిరేది! "ఏందే, పిల్లిలెక్క పోతానవ్? ఇటు రా, నోరు తెరువు" అని అరుగు మీంచి కేక.

లోపల గోడల నిండా సినిమా పోస్టర్లు. చాలావాటి మీద ఆయన పేరే ఉండదు. ఉన్నచోట చీమంత ఉంటుంది. ఆ చీమ పక్కన ఆమె చిన్న కుంకుమ బొట్టు పెట్టి ఉంచేది. పాత చీరలు కత్తిరించి కుట్టిన సంచుల్లో రికార్డులు, ఒక్కోటి ఒక్కో రంగు సంచి. సినిమా హాలు ముందు అమ్మే సన్నటి పాటల పుస్తకాలు. క్యాసెట్లు. ఒక షూటింగ్ ఫొటోలో హీరోయిన్ కొప్పు వెనక నుంచి ఎవరిదో ఒక చెవి కనిపిస్తుంది. "గిది సార్ చెవు" అని వేలు తగలనివ్వకుండా చూపించేది.

"చెవు సూసి ఎట్ల గుర్తువట్టినవక్కా?" అన్నానొకసారి.

"నౌకరీ అంత చెవులు కడుగుడే అయింది. నాకు చెవు గుర్తువట్టరాదా?" అంది.

ఇంకో నియమం కూడా ఉండేది. పాట నడుస్తుంటే ఎవరూ కూనిరాగం తీయకూడదు. నాకది పాడు అలవాటు, పాట వినిపిస్తే నోరు ఊరుకోదు. ఆమె వెంటనే రికార్డు మీంచి ముల్లు ఎత్తేసేది. "సార్ పాడ్తాండు గద. నడుమ నువ్వెందుకు?" అనేది. తనూ పాడేది కాదు. గిన్నెలు తోముతున్నా, దేవుడికి దీపం పెడుతున్నా ఆమె నోట ఒక్క ముక్క రాగం నేను వినలేదు.

ఆ అర్రకు అసలైన శ్రోతలు ఎనుమాముల మార్కెట్ హమాలీలు. మిర్చి సీజన్‌లో బస్తాలు మోసి మోసి ఆ ఘాటుకు గొంతులు పుండ్లయ్యేవి వాళ్లకు. వార్డులో ఉన్నప్పుడు అలవాటైన మనుషులు, ఆమె రిటైరయ్యాక నేరుగా ఇంటికే వచ్చేవాళ్లు. అరుగు మీద వరసగా కూర్చుని వేడి ఉప్పునీళ్లు పుక్కిలించి మోరీలో ఉమ్ముతుంటే, లోపల రికార్డు పెట్టేది. గొంతు పోయినవాళ్లు కాబట్టి ఒక్కరూ కూనిరాగం తీయరు. "గీళ్లే మంచిగ వింటరు" అని నావైపు ఒక చూపు చూసేది.

ఇక అసలు సంగతి. వాడకట్టంతా ఎరిగినదే, వాడకట్టంతా ఆమెను ఆడిపోసుకున్నదే. సార్ ఒకే ఒక్కసారి వరంగల్‌కు వచ్చాడు. నేనప్పటికి ఈ వాడకు రాలేదు. ఆ రోజు జరిగింది నాకు చెప్పినవాడు మైక్‌సెట్ చాచా. మా గల్లీ చివర దుకాణం ఆయనది. ఆనాటి కచేరీకి మైకులు పెట్టింది ఆయనే.

పిలిపించింది మిర్చి అడ్తి వ్యాపారులు, కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టేవాళ్లు. పాటగాణ్ని లాడ్జిలో దింపితే మర్యాద తక్కువ అనుకున్నారు. మార్కెట్ దగ్గర తమ గోదాం మీద కొత్తగా కట్టిన గది ఉంది. కొత్త పరుపు వేయించారు, కొత్త కూలరు బిగించారు. పొద్దున రైలు దిగిన మనిషికి కడుపునిండా భోజనం పెట్టి, తలుపు దగ్గరికి వేసి, సాయంత్రం దాకా పడుకోండి సార్ అన్నారు. కింద గోదాం నిండా కొత్త మిర్చి. అది ఒక్కరికీ తట్టలేదు.

"మనోళ్లకు మిర్చి ఘాటంటె ఉత్త గాలే గద బిడ్డా" అంటాడు చాచా. "పుట్టినకాంచి పీల్చుడే. మర్యాద, ఖాతర్‌దారీ చేద్దామనుకున్నరు పాపం. కూలరు గా కింది గాలినంత గుంజుడు, సార్ మొకం మీద కొట్టుడు. పగలంత గదే."

సాయంత్రం లేచేసరికి ఆయనకు గొంతు లేదు. గొంతు డాక్టరు ఆ రోజు ఊళ్లో లేడు. ఎవరికో నర్సమ్మ గుర్తొచ్చి స్కూటరేసుకుని ఇంటికి ఉరికారు. ఆమె అప్పటికే కొత్త చీర కట్టి, మల్లెపూలు పెట్టుకుని, టికెట్ పర్సులో పెట్టుకుని ఇంటికి తాళం వేస్తోంది. సంగతి విని మళ్లీ తాళం తీసి లోపలికి వెళ్లి టార్చి, ఉప్పు పొట్లం తెచ్చుకుని స్కూటరెక్కింది.

గదిలోకి పోతూనే ముందు కూలరు బందు చేసింది. జనాన్ని బయటికి పొమ్మంది. మైకు సంగతి అడగడానికి వచ్చిన చాచా ఒక మూల నిలబడిపోయాడు.

"ఆమె చెయ్యి వణుకుతాంది. టార్చి లైటు గోడ మీద ఆడ్తాంది" అని చెప్పేవాడు. "ఇంతల సార్ నోరు తెరిసిండు. గంతే, చెయ్యి నిలవడ్డది."

చూసింది. వేడినీళ్లు తెప్పించి పుక్కిలింపించింది. ఆవిరి పట్టించింది. మళ్లీ చూసింది. అప్పుడాయన గుసగుసగా అడిగాడట, "పాడొచ్చా అమ్మా?" అని.

"వద్దు సార్."

"జనం వచ్చేశారు. పోనీ, నాలుగు పాడతాను."

"వద్దు."

"ఒక్కటి. మెల్లగా. ఒక్కటి పాడి దిగిపోతాను."

ఇక్కడికి వచ్చేసరికి చాచా ప్రతిసారీ ఆగేవాడు. "ఆమె మొకం సూడాలె నువ్వు. గా ఒక్క పాట ఊరందరికంటె ఆమెకే కావాలె. సిన్నప్పటికాంచి రేడియోల ఇనుడే గని మనిషి పాడంగ సూసింది లేదు. సార్ తయ్యారుగున్నడు. ఊ అంటె పాడుతడు. ఆమె ఏమన్నదో ఎరికేనా? 'ఇయ్యాల ఒక్కటి పాడితె మల్ల ఈ జన్మల పాడుడు ఉంటదో ఉండదో సార్. గొంతు గట్లున్నది. వద్దు' అన్నది."

ఆయన ఆమె మాట విన్నాడు. స్టేజీ ఎక్కి జనానికి దండం పెట్టి దిగి వెళ్లిపోయాడు. తర్వాత ఊళ్లోని ఆర్కెస్ట్రావాళ్లు పాడబోతే కుర్చీలు లేచాయి. చాచా మైకు హారన్లు పగిలాయి. ఆయన ఆ హారన్ల గురించి చెప్పకుండా ఎప్పుడూ కథ ముగించడు.

అప్పటినుంచి ఆమె "సార్‌ను పాడనియ్యని నర్సమ్మ" అయింది. కూరగాయల బండి దగ్గర, చౌకధరల దుకాణం వరసలో, ఎవరో ఒకరు అనేవాళ్లు. ఆమె ఎవరికీ జవాబు చెప్పేది కాదు. సార్ వెళ్లేటప్పుడు మళ్లీ వస్తానన్నాడు. తర్వాత తన సంతకం చేసిన రికార్డు ఒకటి పంపించాడు. మనిషి రాలేదు. సినిమాల్లో పడవలు పోయాయి, ఎడ్లబండ్లు పోయాయి, వాటితోపాటు ఆయన పనీ పోయింది. అయినా ఆమె ఏటా మిర్చి సీజన్‌లో అడ్తి దుకాణాలకు పోయి, "ఈయేడన్న సార్‌ను పిలుస్తాన్రా?" అని అడిగి వచ్చేది. వాళ్లు వచ్చే ఏడు చూద్దాం నర్సమ్మా అనేవాళ్లు. ఆ వచ్చే ఏడు కోసం ఆమె చీర ఒకటి కట్టకుండా పక్కన పెట్టుకోవడం నాకు తెలుసు. నేనే బజారుకు తోడు వెళ్లి కొనిపించాను.

ఒక మధ్యాహ్నం టీవీలో కింద అక్షరాలు పోతుంటే ఆయన పోయాడని తెలిసింది. అక్షరాలు ఒక్కసారే పోయాయి, మళ్లీ రాలేదు. ఆమె రికార్డ్ ప్లేయర్ మీద తువ్వాల కప్పి, అర్ర తలుపులు మూసింది. హమాలీలు వచ్చి అరుగు మీద కాసేపు కూర్చుని, పాట లేకుండానే పుక్కిలించి వెళ్లిపోయేవాళ్లు. ఆ మూసిన తలుపులు చూస్తే మా ఇంట్లో నాకు అన్నం దిగేది కాదు.

ఆ రోజుల్లోనే ఒకసారి వంటింట్లో ఆమె ఎల్లిగడ్డ పొట్టు తీస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. "అక్కా, ఆనాడు గా ఒక్క పాట పాడనిస్తె ఏమైతుండె? ఏం గాకపోవు గద?"

"కాకపోవునేమో" అంది తల ఎత్తకుండా. "నాకేం ఎరుక? గని నేను గొంతు సూసిన. సూసినంక ఎట్ల పాడుమంట?" కాసేపు పొట్టు తీసింది. "తప్పు చేసిన్నని లేదే నాకు. గని ఆశ పోతలేదు. సార్ పోయినంక గూడ పోతలేదు. ఏం జెయ్యాలె దీన్ని?"

ఎల్లిగడ్డలు కొన్ని నా ఒళ్లో వేసుకుని నేనూ పొట్టు తీశాను.

కొన్నాళ్లకు తలుపులు తెరిచింది. మళ్లీ టార్చి, మళ్లీ పాటలు. ఇప్పుడు ఆ ఇల్లు అలా లేదు. ఆమె పోయాక అన్న కొడుకు ములుగు నుంచి జీపు తెచ్చి సార్ సామానంతా జాగ్రత్తగా సర్దుకుపోయాడు. తమ ఇంట్లో ఒక గది ఖాళీ చేయించి పెట్టానని, తలుపు తీయడానికే తీరిక ఉండడం లేదని ఫోన్లో చెప్పాడు. ఎదురింట్లో ఇప్పుడు మడికొండలో కంప్యూటర్ కొలువులు చేసే జంట ఉంటోంది. చక్కని పిల్లలు, నన్ను చూస్తే నవ్వుతారు. గొంతు బాగున్నా లేకున్నా నన్ను ఆపి నోరు తెరువు అనేవాళ్లు లేరు. సాయంత్రం ఆ అరుగు ముందు నుంచి నడిచి వస్తుంటే కాళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. ఆమెను ఎలాగైనా ఒకసారి చూడాలనిపిస్తుంది. అప్పుడు నేను ఒక ఆదివారాన్ని గుర్తు చేసుకుంటాను.

ఆమె పోవడానికి ముందటి చలికాలం అది. ఎవరో యూట్యూబ్ పిల్లలు వచ్చి సార్ అర్రను వీడియో తీసి పెట్టారు. అది చూసి హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, చిరునామా కనుక్కుని వచ్చింది. సార్ కూతురు. బ్యాంకులో పనిచేస్తున్న మనిషి, యాభై దాటి ఉంటుంది. గడపలో నిలబడ్డ ఆవిణ్ని అక్క ఎగాదిగా చూసి, "సార్ చెవులే" అంది. ఆ తర్వాత ఆవిడ చేత కూడా ఆ అనిపించింది. నాకు తల కొట్టేసినట్టయింది గానీ ఆవిడ నవ్వుతూ నోరు తెరిచింది.

ఆవిడ ఒక్కో గోడ దగ్గర చాలాసేపు నిలబడింది. "మా ఇంట్లో కూడా ఇవేవీ లేవమ్మా. నాన్న ఏదీ దాచుకునే మనిషి కాదు" అంది. "వరంగల్‌లో ఒక నర్సమ్మ నా నోరు మూయించింది అని మాత్రం అందరికీ చెప్పేవారు. చెప్పి తెగ నవ్వేవారు."

అక్క నవ్వలేదు. "ఆ తర్వాత గొంతు మంచిగుండెనా బిడ్డా?" అని అడిగింది.

"బాగుండేది. సినిమాలు లేకపోయినా ఇంట్లో పాడుతూనే ఉండేవారు. మా పిల్లలిద్దరూ ఆయన పాటకే నిద్రపోయేవాళ్లు."

అక్క తల ఊపింది. ఊపుతూనే ఉంది. నేను టీ తెచ్చి ఇచ్చాను, తాగారు. ఆవిడ వెళ్లడానికి సిద్ధపడుతుంటే, అక్క ఆవిడ చేయి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోకు. పాట షురూ చేసే ముంగట సార్ ఏం జేసేటోడు?"

"అంటే?"

"రికార్డుల ఉత్త పాటనే ఉంటది. దాని ముంగటిది ఉంచరు. మనిషి పాడంగ సూసినోళ్లకు గది ఎరుకుంటది. నాకు లేదు."

ఆవిడ నావైపు చూసింది. ఇన్నేళ్లు ఆ గదిలో కూర్చున్నాను, ఆమెకు లేనిది ఇదని నాకు తట్టనే లేదు.

"నాన్న గొంతు సవరించుకునేవారు" అంది ఆవిడ, గుర్తు తెచ్చుకుంటూ. "రెండుసార్లు. ఆ తర్వాత పక్కన తబలా వాయించే ఆయన్ని మోచేత్తో ఇలా పొడిచేవారు, ఇక పద అన్నట్టు. ఇంట్లో అయితే మమ్మల్ని పొడిచేవారు."

"జర చేసి సూపియ్యి బిడ్డా."

ఆవిడ సిగ్గుపడి నవ్వింది. అక్క నవ్వకుండా చూస్తుంటే నవ్వు ఆపేసింది. అక్క లేచి రికార్డ్ ప్లేయర్ మీది తువ్వాల తీసి, సార్ సంతకం చేసి పంపిన రికార్డు సంచిలోంచి తీసి పెట్టింది. అది ఏటి మీద పడవవాడు పాడే పాట. ముల్లు వేళ్ల మధ్య పట్టుకుని ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ వెన్ను నిటారుగా చేసుకుంది, గడ్డం కొంచెం ఎత్తింది. మగవాళ్లు సవరించుకున్నట్టు గొంతు సవరించుకుంది. ఆగి, మళ్లీ ఒకసారి. ఆ తర్వాత మోచేత్తో అక్కను పొడిచింది.

అక్క ముల్లు దించింది.

పాట మొదలైంది. అక్క కళ్లు మూసుకోలేదు, తల వంచుకోలేదు. ఎదురుగా గోడకు ఇవతల, మనిషి నిలబడితే మొహం ఎంత ఎత్తున ఉంటుందో అక్కడ చూస్తూ ఉంది. పల్లవి అయింది, చరణాలు అయ్యాయి. పడవ దూరమైపోతున్నట్టు గొంతు సన్నబడి ఆగిపోయింది. రికార్డు గరగరమంటూ తిరుగుతుంటే, ముల్లు ఎత్తకుండా, ఆమె రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. ఆగకుండా కొట్టింది. ఆ గదిలో చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. ఏం చేయాలో తోచక కూతురు లేచి నిలబడింది, ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తండ్రి తరఫున రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.